పక్క సీటు కింద తడి

కారెక్కింది మొదలు దిగేదాకా మామగారి నోరు ఊరుకోదు. "ఎడమకి తిప్పు. ఇంకాస్త. ఆ, పోనీ, పోనీ. సైకిలు అడ్డమొస్తోంది, ఆగు. ఆగమంటే ఆగవేం?" అంటూ ఎదురుగా ఉన్న డాష్‌బోర్డు మీద అరచేత్తో దబదబా కొడతాడు. సిటీ బస్సులో కండక్టరుగా జీవితమంతా గడిపిన మనిషి. రిటైరయ్యాక ఆయన మాట వినడానికి మిగిలిన బస్సు ఈ పాత కారొక్కటే, మిగిలిన డ్రైవరు కోడలొక్కతే.

"మామయ్యా, స్టీరింగు నా చేతిలో ఉందా, మీ చేతిలో ఉందా?"

"నీ చేతిలో ఉంది కాబట్టే చెబుతున్నా. నా చేతిలో ఉంటే నోటికి పనేముంది?"

"అలాగైతే దిగి, వెనకాల వేలాడుతూ రండి. విజిలు కూడా వేసుకోవచ్చు."

"వేస్తానే. నీ డ్రైవింగుకి ముందు నడిచే మనిషే దొరకడు గానీ, వెనక వేలాడేవాడు ఎక్కడ దొరుకుతాడు!"

ఇద్దరికీ అది పోట్లాట కాదు, అలవాటు. ఇంట్లో కూరలో ఉప్పు దగ్గర మొదలైతే టీవీ సౌండు దాకా ఒకరినొకరు వదలరు. ఆమె పెద్దాసుపత్రిలో వృద్ధుల వార్డు నర్సు. అక్కడ ఆమెది మెత్తటి గొంతు, గట్టిగా మాట్లాడగా విన్నవాళ్ళు లేరు. అక్కడ దాచుకున్న గొంతంతా ఇంటికొచ్చాక మామగారి మీద ఖర్చుపెడుతుందని భర్త నవ్వుతాడు. అతను ఫ్యాన్లమ్మే కొట్టులో పనిచేస్తాడు. పొద్దున్నే వెళ్ళి పొద్దుపోయాక వస్తాడు కాబట్టి ఈ యుద్ధాల్లో అతనిది చూసేవాడి పాత్రే.

వారానికోసారి, డ్యూటీ లేని మధ్యాహ్నం, ఆమె మామగారిని పాత డిపో వెనక గదికి తీసుకెళ్ళి దించుతుంది. రిటైరైన బస్సువాళ్ళంతా అక్కడ క్యారమ్స్ ఆడతారు. ఒంటరిగా వెళ్ళేటప్పుడు ఆమె కిటికీ అద్దాలు దించుకునే నడుపుతుంది. మామగారు పక్కనుంటే మాత్రం ఏసీ వెయ్యాల్సిందే, ఎండ తగిలితే ఆయనకి ఆయాసం.

ఆ రోజు డిపో ముందు కారాపగానే ఆయన తలుపు తీసుకుని దిగి, చొక్కా సర్దుకుంటూ నడిచాడు. ఆయన వెనకే సిమెంటు నేల మీద తడి చెప్పుల అచ్చులు పడ్డాయి. ఆమె చూసింది. ప్యాంటు మోకాళ్ళ కిందనుంచి తడిసి కాళ్ళకి అతుక్కుపోయి ఉంది. వంగి పక్క సీటు కిందికి చూస్తే రబ్బరు పట్టా మధ్యలో చిన్న మడుగు. సీటు రెక్సినుది, అది కూడా చెమ్మగానే తగిలింది. ముక్కుకి పాతబడిన, పులిసిన వాసనొకటి కొట్టింది.

కిందటి వారం కూడా అక్కడ తడి చూసింది. నీళ్ళసీసా ఒలికి ఉంటుందిలే అనుకుంది. ఇవాళ సీసా తేలేదు. పైగా ఈ మధ్య ఆయన రాత్రుళ్ళు మాటిమాటికీ లేస్తున్నాడు, బాత్రూం తలుపు చప్పుడు తనకి వినిపిస్తూనే ఉంది. అన్నీ ఒకదాని పక్కన ఒకటి అమరిపోయాయి. ఇలాంటివి రోజూ చూసే కళ్ళకి ఇంకో సాక్ష్యం అక్కర్లేకపోయింది.

గబగబా దిగి ఆయనకీ, గది గుమ్మానికీ మధ్యన నిలబడింది.

"మామయ్యా, ఒక్క నిమిషం. ఇంటికెళ్ళి మళ్ళీ వద్దాం."

"ఇప్పుడేగా వచ్చాం! ఏం మర్చిపోయావు?"

ఆమె ఆయన ప్యాంటు వైపు చూసింది. ఆయనా తల వంచి చూసుకున్నాడు. "ఎక్కడివీ నీళ్ళు?" అన్నాడు, ఎవరో పోసినట్టు చుట్టూ చూస్తూ.

"ఫరవాలేదు. ఈ వయసులో మామూలే."

"ఏం మామూలే?"

"తెలియకుండానే అయిపోతుంది మామయ్యా. మా వార్డులో రోజూ చూస్తూనే ఉంటాం. ఇందులో సిగ్గుపడాల్సిందేం లేదు."

సిగ్గు అన్న మాట ఆమె నోట్లోంచి వచ్చాకే ఆయన ముఖంలోకి సిగ్గు వచ్చింది. అప్పటిదాకా అక్కడ ఉన్నది ఆశ్చర్యమే. ఒక చెయ్యి దానంతటదే చొక్కా అంచు పట్టుకుని కిందికి లాగింది.

"నాకేమీ తెలియలేదే," అన్నాడు మెల్లగా.

"తెలియదు. దాని లక్షణమే అది."

గుమ్మంలో నిలబడ్డ ముసలాయన చేతిలో క్యారమ్స్ పౌడరు డబ్బా ఆడిస్తూ కేకేశాడు. మామగారితో ఏళ్ళ తరబడి ఒకే బస్సు మీద పనిచేసిన డ్రైవరు ఆయన. "ఏం రైట్‌రైటూ! దిగినవాడివి మళ్ళీ ఎక్కుతున్నావేం? టికెట్టు పారేసుకున్నావా?"

"ఆయనకి కాస్త నలతగా ఉందండీ," అంది కోడలు, తన ఒంటిని అడ్డం పెట్టి ఆయన్ని కారు దాకా నడిపిస్తూ. ఎవరి కంటా పడనివ్వకుండా, నలుగురిలో మర్యాద పోకుండా తీసుకొచ్చేశానన్న తృప్తి ఆమెకి ఆ క్షణాన కలిగింది.

తిరుగు దారిలో ఆయన నోరు మెదపలేదు. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, బడిలో తప్పుచేసి నిలబడ్డ పిల్లాడిలా బిగుసుకు కూర్చున్నాడు. మలుపులో ఒక మోటారు సైకిలు తగలబోయినంత దగ్గరగా వచ్చింది. ఆయన డాష్‌బోర్డు మీద కొట్టలేదు. ఇల్లు దగ్గరపడ్డాక కాళ్ళ వైపు చూసుకుంటూ, "అమ్మాయ్, మళ్ళీ అయినట్టుంది," అన్నాడు.

ఆమె అటు చూడలేదు. చూడకపోవడమే మర్యాద అనుకుంది. "ఇంటికెళ్ళాక మార్చుకుందురుగాని," అంది, వార్డులో అనే గొంతుతో.

*

సాయంత్రం మందులషాపు నుంచి పెద్దవాళ్ళ డైపర్లు తెచ్చింది. పైకి కనిపించకుండా రెండు తువ్వాళ్ళ మధ్య పెట్టి మామగారి మంచం మీద ఉంచింది. ఒకటి విప్పి, ముందూ వెనకా ఎలా గుర్తుపట్టాలో, అంటించే పట్టీలు ఎంత బిగించాలో చూపించింది. ఎన్ని వందలసార్లు ఎందరికి చూపించిందో, చేతులు వాటంతటవే కదిలిపోయాయి. ఆయన మంచం అంచున కూర్చుని శ్రద్ధగా చూశాడు. మధ్యలో ఒక్కసారైనా అడ్డం రాలేదు.

"లోపల వేసుకుంటే ఎవరికీ తెలియదు," అందామె.

"నీకు తెలుస్తుంది కదమ్మా."

"నేను నర్సుని మామయ్యా. నాదేముంది?"

ఆయన ఆ తువ్వాళ్ళని మళ్ళీ మడతపెట్టి, అంచులు కలిపి, మళ్ళీ విప్పి, మళ్ళీ మడతపెట్టాడు.

భర్తతో చెబితే అతను వంటింటి కిటికీ వైపు తిరిగిపోయాడు. "నాన్నకా?" అన్నాడు. తర్వాత, "నువ్వే చూసుకో. నీకు అలవాటైన పనే కదా," అన్నాడు. అతని మెడ ఎర్రబడటం ఆమెకి కనిపించింది. తండ్రి గదిలోకి వెళ్ళి పలకరిస్తాడేమో అనుకుంది. వెళ్ళలేదు.

మర్నాడు ఆసుపత్రి నుంచి రబ్బరు షీటు ఒకటి తెచ్చి పక్క సీటు మీద పరిచి, జారకుండా పిన్నులు గుచ్చింది. కింది పట్టాని సబ్బుతో కడిగి గోడ మీద ఆరేసింది. పైన వరండాలో నిలబడి మామగారు అదంతా చూస్తున్నాడు. ఆమె తలెత్తేసరికి లోపలికి వెళ్ళిపోయాడు.

ఆ వారం ఆయన డిపోకి రానన్నాడు. పై వారమూ రానన్నాడు. "ఆటలో ఇంకేం సారం లేదు," అన్నాడు. డ్రైవరు ఫోన్ చేస్తే, పడుకున్నానని చెప్పమని కోడలికి సైగ చేశాడు. ఎక్కడికీ కదలని మనిషికి కారుతో పనేముంది? పిన్నులు గుచ్చిన రబ్బరు షీటుతో పక్క సీటు ఖాళీగానే తిరిగింది. ఆమె కిటికీలు దించుకుని ఆసుపత్రికి వెళ్ళొచ్చేది. పట్టా తడవలేదు. ఎందుకు తడుస్తుంది, ఆయన ఎక్కడం లేదుగా అనుకుంది.

ఇల్లు నిశ్శబ్దమైంది. టీవీ సౌండు తగ్గించే పని లేకుండా ఆయనే తగ్గించుకుంటున్నాడు. ఒకరోజు కూరలో ఉప్పు వెయ్యడమే మర్చిపోయింది. తను నోట్లో పెట్టుకున్నాక గానీ తెలియలేదు. అప్పటికే ఆయన తినేసి కంచం కడిగి పెట్టేశాడు.

"మామయ్యా, ఉప్పు లేదని చెప్పొద్దూ?"

"బాగానే ఉందమ్మా."

"నాన్న బాగా మారిపోయాడు," అన్నాడు భర్త ఆ రాత్రి భోజనం దగ్గర. "ఇప్పుడు ఇల్లు ఇల్లులా ఉంది." ఆమె అవునని తలూపింది. తనకీ కాస్త హాయిగానే ఉంది. వార్డులోనూ కొందరు అంతే. మొదట్లో మీద పడి కరిచేవాళ్ళు, డైపరు అలవాటయ్యేసరికి సాధువులైపోతారు. దానికి వాళ్ళ రికార్డుల్లో 'సహకరిస్తున్నారు' అని రాస్తారు.

వాడినవాటిని ఆయన తనే పారేసుకునేవాడు. పాత పేపర్లో చుట్టి, దారం కట్టి, మిఠాయి పొట్లంలా చేసి కింద మెట్ల పక్కనున్న చెత్తడబ్బాలో వేసొచ్చేవాడు. పక్క దుప్పటి రోజూ ఉతికేవాడు. వార్డులో అయితే ఆమె ఒక్కోటీ విప్పి చూసి, తడి ఎంత, రంగేమిటి అని చూశాకే పారేయిస్తుంది. ఇంట్లో మామగారివి ఎలా విప్పి చూస్తుంది?

ఒక పొద్దున ఆయన బాత్రూం తలుపు పట్టుకుని తూలాడు. పడబోతుంటే పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టింది. బీపీ చూస్తే బాగా తక్కువుంది. పెదాలు ఎండిపోయి పొలుసులు కట్టాయి. "ఎండలు మండిపోతున్నాయి. ఒంట్లో నీరు లాగేస్తుంది," అని ఉప్పూ పంచదారా కలిపిన నీళ్ళు గ్లాసులో ఇచ్చింది. ఆయన ఒక్క గుక్క తాగి, "తర్వాత తాగుతాలే, నీకు డ్యూటీకి టైమవుతోంది," అన్నాడు. నిజంగానే టైమవుతోంది. సాయంత్రం వచ్చేసరికి గ్లాసు నిండుగా అలాగే ఉంది, పైన ఒక చీమ తేలుతోంది. అడుగుదామనుకుంది. అంతలో పాలు పొంగాయి.

*

హెడ్ నర్సు బండి చెడిపోయింది. డ్యూటీ దిగి వస్తూ, "నన్ను ఇంటి దగ్గర పడెయ్యవే, నీకు దారేగా," అంది. ఆవిడ భారీ మనిషి, అంతకన్నా భారీ గొంతు. ఆవిడ నడిచొస్తుంటే వార్డులో దుప్పట్లు వాటంతటవే సర్దుకుంటాయని అంటారు.

కోడలు ముందుగా పరుగెత్తి రబ్బరు షీటు పిన్నులు లాగి, చుట్ట చుట్టి వెనక సీటు కిందికి తోసింది. వేలికి పిన్ను గుచ్చుకుంది.

"ఏసీ వెయ్యి తల్లీ, ఉడికిపోతున్నా," అంటూ హెడ్ నర్సు కూలబడింది. బూట్ల లేసులు వదులు చేసుకుని కాళ్ళు చాపింది. పైవాళ్ళ మీద, కొత్త డాక్టర్ల మీద, అరిగిపోయిన తన మోకాళ్ళ మీద చాడీలు చెబుతూ ఉంది. ఎండ ఎక్కువగా ఉంది, గాలిలో ఉక్క. కోడలు ఏసీ పూర్తిగా తిప్పి పెట్టింది. మార్కెట్ దాటి పెద్ద మలుపు తిరుగుతుండగా హెడ్ నర్సు కెవ్వుమంది.

"ఇదేంటే! నా బూటులో నీళ్ళు!"

కోడలు కాలు బ్రేకు మీద పడింది. వెనక హారన్లు మోగాయి. హెడ్ నర్సు కాలెత్తి చూపించింది. తెల్ల బూటు ముందు భాగమంతా తడిసింది, మేజోడు నుంచి నీళ్ళు కారుతున్నాయి. పట్టా మధ్యలో మడుగు. అదే చోటు, అదే ఆకారం.

"మీ కారు నా మీద పోసేసిందే!" అంటూ ఆవిడ పడీపడీ నవ్వింది. బూటు విప్పి, మేజోడు తీసి, అద్దం దించి రోడ్డు మీదికి పిండింది. పక్కన ఆగిన ఆటోలోని మనిషి చూస్తుంటే, "ఏంటి చూస్తావు, కారు కడుగుతున్నా!" అంది. "ఎక్కడో కారుతోంది, ఎవరికైనా చూపించు. ఇలాగే వదిలేస్తే నేలంతా తుప్పు పట్టి ఓ రోజు నీ పక్కనున్నవాళ్ళు రోడ్డు మీదే మిగిలిపోతారు."

కోడలు నవ్వలేకపోయింది. హెడ్ నర్సు మడుగు చూడగానే కారుని అనుమానించింది. తనైనా ఆవిడ కాళ్ళ కింద మడుగు చూసి ఆవిడని అనుమానించలేదు. ఒక్క క్షణం కూడా ఆ ఆలోచన రాలేదు. ఆవిడకీ వయసైంది, ఆవిడా దగ్గితే తొడలు దగ్గరికి ముడుచుకునే మనిషే. అయినా రాలేదు.

"ఏమే, ముఖం అలా పాలిపోయిందేం? బూటు తడిస్తే చస్తానా?" అంది హెడ్ నర్సు.

*

మర్నాడు సెలవు పెట్టి పొద్దున్నే షెడ్డుకి వెళ్ళింది. ఆ షెడ్డు మేస్త్రి కార్ల ఏసీలు తప్ప ఇంకేం ముట్టడు, అందుకే అంతా అతన్ని చలిమేస్త్రి అంటారు. పొట్టిగా, ఒంటినిండా చెమటతో, మండుటెండలో పనిచేసే మనిషికి ఆ పేరేమిటని కొత్తవాళ్ళు నవ్వుకుంటారు.

అతను ముందు ఏమీ విప్పలేదు. ఏసీ వేసి వదిలేసి, నేల మీద పడుకుని కారు కిందికి చూశాడు.

"ఏసీ వేసినప్పుడు కారు కింద నీటి చుక్కలు పడటం ఎప్పుడైనా చూశారా మేడమ్?"

"లేదు."

"పడాలి. ఉక్కరోజుల్లో అయితే ధారే కట్టాలి. కింద పడటం లేదంటే లోపల పడుతున్నట్టు."

పక్క సీటు ముందున్న సామాన్ల అర విప్పి పక్కన పెట్టాడు. టార్చి నోట్లో కరుచుకుని తల లోపలికి దూర్చాడు. చల్లదనం పుట్టే పెట్టె అక్కడే ఉంటుందట. గాలిలోని చెమ్మంతా దాని మీద నీరై అడుగుకి చేరితే, బొటనవేలంత రబ్బరు గొట్టంలోంచి కారు బయటికి పోవాలి. అతను కారు కిందికి దూరి ఆ గొట్టం కొన పట్టుకున్నాడు. నొక్కి చూసి, మెత్తటి తీగ ఒకటి తిప్పుతూ తిప్పుతూ లోపలికి తోశాడు. తీగ సగంలో ఆగిపోయింది. వెనక్కి లాగితే నల్లటి బురద, కుళ్ళిన ఆకు ముక్కలు, సాలెగూడు లాంటిదేదో ఉండలా చుట్టుకుని వచ్చింది. గాలి కొట్టే మిషనుకి సన్నటి పైపు తగిలించి, మెల్లగా ఊదాడు. లోపల గుడగుడమని శబ్దమైంది. అంతలో బుడుక్కున నీళ్ళు ధారగట్టి అతని భుజం మీద, చెవిలోనూ పడ్డాయి.

అతను నవ్వుతూ బయటికి పాకాడు. "చూశారా? పాపం, ముసలి బండికి మూత్రం బంద్ అయింది మేడమ్. బయట పోయాల్సింది లోపలే పోసుకుంటోంది."

రోజుకి ఎందరికో గొట్టాలు వేసి, మూసుకుపోయినవి శుభ్రం చేసే చేతులు ఆమెవి. ఆ చేతులు సంచి పట్టీని మెలిపెడుతూ ఉండిపోయాయి.

మేస్త్రి సీటు బోల్టులు విప్పి, పట్టా తీసి, దాని కిందున్న బట్ట అంచు పట్టి పైకి లేపాడు. బట్ట కింద దళసరి స్పాంజి నీళ్ళు పీల్చుకుని ఉబ్బిపోయి ఉంది. అంచున నల్లటి బూజు. షెడ్డంతా ఆ పులిసిన వాసన కమ్ముకుంది. "పైన కడిగితే ఏం లాభం, అడుగున చెరువుంటే? దీన్ని పిండి మంచి ఎండలో ఆరేయండి. పూర్తిగా ఆరేదాకా మళ్ళీ పరవకండి. ఏటా ఎండలు రాకముందే గొట్టం ఊదించుకోండి, ఇంక గొడవుండదు." తడి స్పాంజిని రెండు చేతులా బయటికి ఈడ్చి పిండుతూ మాటల్లో పడ్డాడు. "చాలామంది దీని సంగతి పట్టుకోలేరు మేడమ్. ఎలుక చచ్చిందంటారు. పిల్లలు నీళ్ళు ఒలకబోశారని వీపు మీద వాయిస్తారు. ఒకాయనైతే ఇదంతా కుక్క చేస్తున్న పనేనని దాన్ని ఊరవతల వదిలేసి వచ్చాడు. తర్వాత నా దగ్గరికొచ్చాడు. ఇంతకీ మీరెవర్ని అనుకున్నారు?"

ఊరికే అడిగాడు. స్పాంజి పిండటం కూడా ఆపలేదు.

"ఎవర్నీ లేదు," అందామె.

*

ఇంటి మెట్ల దగ్గర చెత్తడబ్బా ముందు ఆగింది. అటూ ఇటూ చూసి మూత తీసింది. పేపరు పొట్లాలు పైనే ఉన్నాయి. ఒకదాని దారం తెంపింది. ఇంకోటి, మరొకటి. అన్నీ పొడిగానే ఉన్నాయి. వేసుకున్నాడు, ఒంటి ఆకారానికి కాస్త వంగాయి, పట్టీలు ఒకసారి అంటించి తీసిన గుర్తులున్నాయి. అంతే. వాటిని మళ్ళీ పాత మడతల మీదే మడిచి పొట్లం కట్టాడు. వార్డులో ఏ ఆయా ఇలా విప్పకుండా పారేసినా తను ఊరుకునేది కాదు.

మామగారు కిటికీ పక్క కుర్చీలో ఉన్నాడు. ఉతికిన చొక్కా వేసుకుని, ఎక్కడికీ వెళ్ళేది లేకపోయినా తల దువ్వుకుని ఉన్నాడు.

"మామయ్యా," అంది. గొంతు దానంతటదే మెత్తబడింది. "కారు ఏసీకి నీళ్ళు పోయే గొట్టం ఒకటుంటుందట. అది మూసుకుపోయింది. ఆ నీళ్ళే లోపల పడుతున్నాయి."

"ఏ నీళ్ళు?"

"మీ కాళ్ళ కింద ఉన్నవి. అవి మీవి కావు మామయ్యా."

ఆయన ఆమె పెదాల వైపు చూశాడు, వినపడని మాటని చూసి చదువుకుంటున్నట్టు. "తిరిగొచ్చేటప్పుడు మళ్ళీ అయిందే?"

"అవీ కారువే."

"పద. చూపించు."

రైలింగు పట్టుకుని మెట్టు మెట్టుకీ ఆగుతూ దిగాడు. కారు తలుపులన్నీ తీసి ఉన్నాయి. పక్క సీటు కింద ఉత్త ఇనప నేల కనిపిస్తోంది. స్పాంజి గోడ మీద ఆరుతోంది. ఆమె ఇంజను స్టార్టు చేసి ఏసీ వేసింది. ఆయన తలుపు పట్టుకుని గొంతుక్కూర్చుని కారు కిందికి చూశాడు. చాలాసేపు ఏమీ లేదు. తర్వాత ఒక చుక్క పడింది. ఇంకోటి. కాసేపటికి చిన్న ధారై, దుమ్ములో దారి చేసుకుంటూ ఆయన చెప్పు దాకా వచ్చింది. ఆయన వేలు ముంచి, ముక్కు దగ్గర పెట్టుకుని, బొటనవేలితో రుద్ది చూశాడు.

"నువ్వు నర్సువి కదమ్మా," అన్నాడు తలెత్తకుండానే. "నా ఒంటి సంగతి నాకు తెలియకపోయినా నీకు తెలుస్తుందనుకున్నా."

ఆమె లోపలికి వంగి ఇంజను ఆపేసింది.

"నీళ్ళు మానేశాను. పొద్దున ఒక గుక్క, రాత్రి మాత్రకి ఒక గుక్క. అంతే. దానివల్లే పొడిగా ఉంటోంది, బాగానే పనిచేస్తోందనుకున్నా. ఇంకో నెల ఓపిక పడితే వీటిని కూడా మానెయ్యొచ్చు, ఆ పిల్లకి ఖర్చు తప్పుతుంది అనుకున్నా."

గ్లాసులో తేలిన చీమ ఆమె కళ్ళముందు మెదిలింది. ఆయన పక్కన కూర్చోబోయింది. "నాదే తప్పు మామయ్యా. మీరు మనసులో ఏమీ పెట్టుకోకండి, ముందు కాస్త నెమ్మదిగా..."

"ఆ గొంతు తీసెయ్!"

నిండు బస్సులో వెనక తలుపు దగ్గర నిలబడి ముందున్న డ్రైవరుకి వినిపించిన గొంతు అది. ఇన్నాళ్ళూ ఎక్కడ దాగుందో, ఒక్కసారిగా లేచింది. ఆయనా తలుపు పట్టుకుని లేచాడు.

"నాతో ఆ వార్డు గొంతుతో మాట్లాడకు! నేను నీ పేషెంటుని కాను. ఉప్పు తక్కువైందంటే గయ్యిమని లేచేదానివి. ఆ రోజు నుంచి నేనేమన్నా 'సరే మామయ్యా' అనడమే! ఒక్కసారన్నా కసిరావా? అప్పుడే అనుకున్నా, నా పని అయిపోయిందని. మనిషి ముందుంటే అడగాలి కదా! వంగి ఆ కారు కిందికి ఒక్కసారి చూడాలి కదా! ఇద్దరం వంగి చూసేవాళ్ళం!"

ఎదురింటి మేడ మీద బట్టలారేస్తున్న ఆవిడ చేతిలో క్లిప్పు అలాగే ఆగిపోయింది. కింద ఇంటి తలుపు తెరుచుకుంది. ఎవరో కిటికీ తెర పక్కకి లాగారు.

"మామయ్యా, లోపలికి వెళ్ళి మాట్లాడుకుందాం. అందరూ చూస్తున్నారు."

"చూడనీ! ఇన్నాళ్ళూ లోపలేగా ఉన్నా!"

"ఏమైందండీ పెద్దాయనా?" అని మేడ మీద ఆవిడ కంగారుగా అడిగింది.

"ఏం కాలేదమ్మా!" అని ఆయన తలెత్తి వీధి వీధంతా వినేలా చెప్పాడు. "కారు కారింది! నేను కాదు! మా కోడలు నేననుకుంది!"

వీధిలో ఎవరూ నవ్వలేదు. నవ్వితే బాగుండుననిపించింది ఆమెకి. మేడ మీద ఆవిడ ముందు ముసలాయన్ని, తర్వాత విప్పేసిన కారుని, తర్వాత ఆమెని చూసింది. అర్థమయ్యాక ఆమె మీదే చూపు నిలిచిపోయింది. డిపో ముందు ఈ మనిషిని ఎవరూ చూడకుండా ఒంటితో కప్పి తెచ్చానని అప్పుడు పొంగిపోయింది. ఇప్పుడు తనని కప్పేవాళ్ళెవరూ లేరు. దుపట్టా కొంగు వేలికి చుట్టుకుంటూ నిలబడింది.

ఆయనకి ఆయాసం వచ్చింది. కారు మీద చెయ్యానించి, "నీళ్ళు తే," అన్నాడు.

ఆమె పరుగున వెళ్ళి జగ్గు నిండా తెచ్చింది. గ్లాసు మర్చిపోయింది. ఆయన జగ్గు ఎత్తి పట్టుకుని తాగడం మొదలుపెట్టాడు. గొంతు ఎముక పైకీ కిందికీ ఆడుతోంది. నోటి పక్కల నుంచి నీళ్ళు గడ్డం మీదుగా మెడలోకి కారాయి, చొక్కా ముందు భాగమంతా తడిపాయి, ప్యాంటు మీద పడ్డాయి. వీధంతా చూస్తోంది. ఆయన తుడుచుకోలేదు. ఒక్కసారి ఊపిరి పీల్చుకుని మళ్ళీ ఎత్తాడు.

"అలా ఏకబిగిన తాగకూడదు! ఆగి ఆగి తాగండి, వాంతవుతుంది!" అంది ఆమె. గట్టిగానే వచ్చింది.

ఆయన జగ్గు దించి ఆమెని చూశాడు. "మళ్ళీ మొదలెట్టావా?"

"మొదలెట్టాను. ఎండలోంచి ముందు నీడకి రండి."

"రాను. నా బట్టలు నేను ఇక్కడే ఆరబెట్టుకుంటా." ఖాళీ జగ్గు ఆమె చేతికిచ్చాడు. "ఇంకో జగ్గు తే."

ఆమె మెట్ల వైపు తిరిగింది. ఆ కేకలకి పైనా కిందా తలుపులు తెరుచుకుని మనుషులు నిలబడి ఉన్నారు. దారిచ్చారు గానీ ఎవరూ పలకరించలేదు. ఆమె ఎవరి ముఖమూ చూడకుండా, ఖాళీ జగ్గుని రెండు చేతులా పట్టుకుని, వాళ్ళందరి మధ్యనుంచీ ఒక్కో మెట్టే ఎక్కి పైకి వెళ్ళింది.